గొట్టానికి మూత పెట్టారాండీ?

రామచంద్రపురంలో వెంకటరత్నం గారి సోడా ఫ్యాక్టరీకి గణేష్‌బాబు మొదటిసారి వెళ్ళిన రోజున అక్కడ ఒక హత్య జరిగింది. చచ్చిపోయినాయన ఆ సాయంత్రమే రెండు ప్లేట్లు ఉప్మా తిన్నారనుకోండి, అది వేరే విషయం.

అది 2006 జూలై. గణేష్‌బాబు బట్టల కొట్టు చంద్రరావు గారి ఒక్కగానొక్క అబ్బాయి. కాకినాడలో ఎంబీఏ చేశాడు. కొట్లో కూర్చోరా అంటే, అక్కడ కూర్చుంటే నిద్రొస్తోంది నాన్నా అన్నాడు. బెంగుళూరు దగ్గర ఏదో రిసార్టు మూతపడితే వాళ్ళ పెయింట్‌బాల్ సామానంతా సెకండ్‌హ్యాండ్‌లో కొని లారీలో వేయించుకొచ్చాడు. ద్రాక్షారామం వెళ్ళే దారిలో, కాలవ గట్టు పక్కన మేనమామ కొబ్బరితోటలో ఆట పెట్టాడు.

ఆటలో మొహానికి మాస్కులు పెట్టుకుని, గ్యాసు ఒత్తిడితో రంగు గుండ్లు పేల్చుకుంటారు. గుండు తగిలి చిట్లితే రంగు అంటుకుంటుంది. రంగు పడ్డవాడు అవుట్. గుండ్లు పేల్చేదాన్ని తుపాకీ అనకూడదు, మార్కర్ అనాలి. ఆ మాట గణేష్‌బాబు ఊళ్ళో కనపడ్డవాళ్ళందరికీ చెప్పాడు. వాళ్ళందరూ సరేనని, మళ్ళీ తుపాకీ అనే అన్నారు.

బోర్డు రాసిన ఆర్టిస్టు మాటల మధ్య చోటు వదలకుండా "గోదావరివార్‌జోన్" అని రాసేశాడు. దాంతో దారినపోయే పెద్దవాళ్ళు ఆగి, "ఈ గోదావరివారు ఏ ఊరివాళ్ళండీ? మన వాళ్ళేనా?" అని అడిగేవారు.

సరే, ఆటకి గ్యాసు కావాలి. ఆ గ్యాసు సోడాలో వేసేదే. అందుకని బ్యాగు భుజాన వేసుకుని సోడా ఫ్యాక్టరీ మెట్లెక్కాడు.

లోపల ఒకమ్మాయి గోళీసోడాలు నింపుతోంది. చేతులకి రబ్బరు తొడుగులు, ముక్కు మీద చెమట, కళ్ళకి దళసరి ప్లాస్టిక్ కళ్ళజోడు. ఆ కళ్ళజోడులోంచి ఆమె కళ్ళు రెండింతలుగా కనిపించాయి. గణేష్‌బాబు కూడా మామూలు మీద రెండింతలు తడబడ్డాడు.

"చిన్న సిలిండర్లో గ్యాసు నింపుతారాండీ?"

"ఏ సిలిండరండీ?"

అతను బ్యాగు జిప్పు లాగి మార్కర్ బయటికి తీశాడు. సోడా తాగడానికొచ్చిన ఇద్దరు టక్కున చేతులు పైకెత్తారు. అందులో ఒకాయన చేతిలో సోడా ఉంది. అదంతా ఆయన నెత్తి మీదే కారింది.

"అయ్యో, భయపడకండి. ఇది తుపాకీ కాదండీ. మార్కర్."

"మార్కరంటే బోర్డు మీద రాసేది కదండీ?" అంది ఆ అమ్మాయి.

"ఇది మనుషుల మీద రాస్తుందండీ."

"ముందు దాని మూతి అటు తిప్పండి."

"ఖాళీదేనండీ, గుండ్లు లేవు. కావాలంటే చూడండి..."

టప్!

సరిగ్గా అప్పుడే లోపలి గదిలోంచి వెంకటరత్నం గారు భోజనం చేసి, తెల్లటి లాల్చీ సర్దుకుంటూ త్రేనుస్తూ వస్తున్నారు. త్రేన్పు సగంలో ఆగిపోయింది. ఆయన పొట్ట మీద ఎర్రటి మరక, అరచేయంత.

ఆయన మరక చూసుకున్నారు. గణేష్‌బాబు చేతిలో ఉన్నదాన్ని చూశారు. నెమ్మదిగా పంచదార బస్తా మీద కూలబడ్డారు.

"అమ్మాయ్, తులసీ... అయిపోయిందే..."

"నాన్నా, అది రంగు నాన్నా!"

"రంగు కాదమ్మా, ప్రాణం. పోతోంది. నన్ను చెప్పనీ. మీ అమ్మకి ఒక్క మాట చెప్పాలి. షుగరని డాక్టరు చెప్పాక తీపి మానేశానని ఒట్టేశాను కదా... మానలేదమ్మా. ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించుకుంటున్నాను. పెద్ద సిలిండరు వెనక రేకుడబ్బాలో దాచాను. ఆ పాపం నాతో రాకూడదు. మీ అమ్మని క్షమించమను..."

"ఏ సిలిండరు వెనకండీ?" అని గుమ్మంలోంచి వినపడింది.

లోవమ్మ గారు. చేతిలో అట్లకాడ.

చచ్చిపోతున్నాయన ఒక కన్ను తెరిచారు. పొట్ట తడుముకున్నారు. వేలికి అంటిన రంగు వాసన చూశారు. తరవాత రెండో కన్ను కూడా తెరిచి గణేష్‌బాబు వైపు చూసిన చూపుందే, దానికి గ్యాసక్కర్లేదు.

*

మర్నాడు గణేష్‌బాబు కొట్లోంచి మంచి లాల్చీ గుడ్డ పట్టుకుని క్షమాపణ చెప్పడానికొచ్చాడు.

"గుడ్డ ఇస్తావయ్యా," అన్నారు వెంకటరత్నం గారు. "ఆ డబ్బా తిరిగొస్తుందా? పొద్దున్నే కాకరకాయ రసం తాగించింది మీ పిన్నిగారు. చావు మాటలు చెప్పించి, తర్వాత చావకుండా చేశావు. ఇంతకంటే అన్యాయం ఉందా?"

ఆయన లోపలికెళ్ళిపోయారు. రామతులసి నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగింది. ఆమె బీఎస్సీ కెమిస్ట్రీ. చదువయ్యాక ఫ్యాక్టరీ తనే చూసుకుంటోంది.

"గ్యాసు నింపుతాను గానీ," అంది నవ్వు సర్దుకుని, "అసలు మీకు దీన్ని విప్పి దాచిపెట్టడం వచ్చాండీ?"

"పేల్చడం వచ్చండీ."

"అది చూశాం. దీంతోపాటు పుస్తకం ఏమీ ఇవ్వలేదా?"

"ఇచ్చారండీ. ప్యాకింగ్ కాగితాలనుకుని పారేశాను."

ఆమె కళ్ళజోడు తీసింది. ఎడమ కనుబొమ్మని రెండుగా చీలుస్తూ సన్నటి గీత. గణేష్‌బాబు నిన్నటి నుంచీ ఆ మొహాన్నే తలుచుకుంటున్నాడు గానీ ఆ గీత చూడలేదు. భలే ఉందనుకున్నాడు.

"ఇది చిన్నప్పుడు సోడాబుడ్డి పేలితే తగిలిందండీ," అంది ఆమె, అతని చూపు కనిపెట్టి. "ఇంకొంచెం కిందకి తగిలుంటే కన్ను పోయేది. నాన్న ఆ రోజు నన్నెత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తారు. చెప్పుల్లేకుండా. మర్నాడు పనివాళ్ళందరికీ కళ్ళజోళ్ళు కొన్నారు. ఆయన మాత్రం పెట్టుకోరనుకోండి. అందుకని, గ్యాసుతో ఆటలంటే నాకు భయం. భయం లేనివాళ్ళకి నేను నింపనండీ."

భలే ఉందనుకున్నందుకు గణేష్‌బాబు సిగ్గుపడ్డాడు.

"నేర్చుకుంటానండీ," అన్నాడు.

నెట్ సెంటరులో కూర్చుని, మార్కర్ పేరు కొట్టి, దొరికిన కాగితాలన్నీ ప్రింటు తీయించుకొచ్చాడు. సోడా ఫ్యాక్టరీకి మంగళవారం సెలవు. ఆ రోజు వరండాలో పాత చాప వేసి, మార్కర్లు వరసగా పేర్చి, ఇద్దరూ కాగితాలు చదువుకుంటూ ఒక్కొక్కటీ విప్పేవారు. పక్కన లోవమ్మ గారు చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చునేవారు. లోపల కిటికీ దగ్గర వెంకటరత్నం గారు పేపరు చదువుతూ ఉండేవారు. పేజీ మాత్రం తిప్పేవారు కాదు.

"చెప్పండి. ఆట అయిపోయింది. మొదట ఏం చేస్తారు?"

"మాస్క్ తీసేస్తానండీ. చెమటపడుతుంది కదా."

"తప్పు. మాస్క్ అన్నిటికంటే ఆఖర్న. ముందు గొట్టానికి మూత పెట్టాలి. తర్వాత?"

"గ్యాసు విప్పేస్తాను."

"గుండ్ల డబ్బా ఎవరు తీస్తారు, మా నాన్నగారా?"

"మీ నాన్నగారి ఊసెందుకండీ ఇప్పుడు?" అన్నాడు గణేష్‌బాబు కిటికీ వైపు భయంగా చూస్తూ.

"ముందు గుండ్లు తీయాలి. తర్వాత గ్యాసు విప్పాలి. విప్పినా లోపల కొంత మిగిలుంటుంది. నాన్న పొట్ట మీదకొచ్చింది అదే. లోపల ఒక గుండు కూడా నక్కి ఉండొచ్చు. అందుకని మనుషులు లేనివైపు ఇసక బస్తాకి గురిపెట్టి, మూత తీసి, ఇంక చప్పుడు రాకుండా పోయేదాకా పేల్చేయాలి. మళ్ళీ మూత. సేఫ్టీ మీట నొక్కాలి. అప్పుడు గుడ్డతో తుడుచుకోవాలి."

"ఇన్ని చేసేసరికి పెళ్ళీడు దాటిపోతుందండీ."

"ఎవరికి?"

గణేష్‌బాబు గబగబా గొట్టంలోకి గుడ్డ దూర్చి తుడవడం మొదలుపెట్టాడు.

ఇంకో మంగళవారం మార్కర్ చేతిలోకి తీసుకోగానే రామతులసి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఇదేంటండీ? కొబ్బరినూనె వాసనొస్తోంది?"

"నూనె వేయాలని రాసుంది కదండీ. మా మామ్మ తలకి రాసుకునేది వేశాను."

"జడ కూడా వేయకపోయారా! దీనికి ప్రత్యేకం నూనె ఉంటుందండీ, అదీ రెండు చుక్కలే. ఏది పడితే అది పోస్తే లోపల రబ్బరు రింగులు పాడైపోతాయి. ఇది చూడండి, ఎలా ఉబ్బిందో."

ఉబ్బిన రింగు తీసి పారేసింది. కొత్తది బెంగుళూరు నుంచి రావాలి. గణేష్‌బాబు తెలివిగా గోళీసోడా బుడ్డి మెడలోని రబ్బరు పీకి అక్కడ దూర్చి గ్యాసు తగిలించబోయాడు. అది 'సుయ్' మంది. చిక్కుడుకాయలతో సహా లోవమ్మ గారు లేచి నిలబడ్డారు.

"బాబూ, అది పామా?"

"కాదండీ. నా తెలివి," అన్నాడు గణేష్‌బాబు గ్యాసు విప్పేస్తూ. రామతులసి ఆ రోజు సాయంత్రం దాకా నవ్వుతూనే ఉంది. కిటికీ దగ్గర పేపరు కూడా కాస్త కదిలింది.

వానాకాలం ముదిరేకొద్దీ ఇంకో తంటా వచ్చింది. రంగు గుండ్ల పైతొక్క జిలటిన్‌తో చేసింది. డెల్టా గాలిలోని తేమకి అవి పునుగుల్లా ఉబ్బి, గొట్టంలోనే చిట్లిపోయేవి. పేల్చినవాడి మీదే రంగు పడేది. ఎవరు ఎవర్ని కొట్టారో తెలియక తోటలో తగువులు.

"గట్టి మూతున్న డబ్బాల్లో పోసి, చల్లగా, పొడిగా ఉన్నచోట పెట్టండి. అప్పుడప్పుడూ డబ్బా తిరగేస్తుండండి, లేకపోతే ఒక పక్క చదునైపోతాయి," అంది రామతులసి.

"చంటిపిల్లల్లాగా అన్నమాట."

"చంటిపిల్లల్ని డబ్బాలో పెట్టరండీ."

అలా మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూనే, మంగళవారం ఎప్పుడొస్తుందా అని ఇద్దరూ ఎదురుచూడటం మొదలైంది. ఆ మాట మాత్రం ఎవరూ బయటికి అనలేదు.

*

ఆగస్టులో ఒక సాయంత్రం. తోటలో ఆట సగంలో ఉండగా ఆకాశం చిల్లుపడ్డట్టు వాన. షెడ్డు కారుతోంది. గణేష్‌బాబు ఆటాడేవాళ్ళని పంపేసి, సామానంతా ఆటోలో వేసుకుని ఇంటికొచ్చాడు. అప్పుడే ఫోను మోగింది. లోవమ్మ గారు.

"బాబూ, తులసి కాకినాడ వెళ్ళింది, సిలిండర్ల పని మీద. బస్సు దిగే వేళయింది. గొడుగు ఇక్కడే మర్చిపోయింది. ఆయనేమో జలుబని ముసుగుతన్నారు..."

మిగతా మాటలు గణేష్‌బాబు వినలేదు. మార్కర్లు ముందుగది బల్ల మీద పడేసి, దారిలో కొట్టు ముందు వేలాడుతున్న గొడుగొకటి లాక్కుని పరిగెత్తాడు.

బస్టాండులో చూరు కింద, చున్నీ తలమీద కప్పుకుని రామతులసి నిలబడి ఉంది. అతన్ని చూసి మొహం విప్పారింది. వెంటనే సర్దుకుంది.

"రెండు గొడుగులు తేవచ్చు కదండీ?"

"ఒకటే ఉందండీ."

"మీ కొట్టు ముందు తోరణాల్లాగా వేలాడుతుంటాయి కదా!"

"అన్నీ... అమ్ముడైపోయాయండీ. వాన కదా."

ఆమె గొడుగు కిందకొచ్చింది. గొడుగంతా ఆమె వైపే ఉంది. గణేష్‌బాబు సగం గోదారిలో మునిగినట్టు తడిశాడు. రోడ్డు మీద మోకాలి కింది దాకా నీళ్ళు. ఎక్కడ గుంట ఉందో తెలియక ఆమె అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. గుంటలు దాటాక కూడా వదల్లేదు.

"తులసిగారూ, మీతో ఒక మాట చెప్పాలండీ."

"చెప్పండి."

"అంటే, మంగళవారాలు చాలా... అంటే వారానికి ఒకటే ఎందుకుండాలని..."

అంతలో, దారిలోనే ఉన్న అతని వీధి మలుపు తిరిగారు. గణేష్‌బాబు ఇంటి ముందు జనం. అరుగు మీద చంద్రరావు గారు బనీనుతో, అటు తిరిగి నిలబడి ఉన్నారు. వీపంతా నారింజ రంగు. గుమ్మంలో మామ్మ మాణిక్యాంబ గారు, చేతిలో మార్కర్. దాని మూతి, మాట్లాడుతున్నప్పుడల్లా, జనంలో ఇటునుంచి అటు తిరుగుతోంది.

"వచ్చావురా గణేశూ! కోతి వచ్చి అరటిపళ్ళ గెల లాగుతుంటే, బల్ల మీద ఇది కనపడింది. నొక్కానంతే! కోతి ఆ పెంకుల మీంచి ఎటు పోయిందో పోయింది. ఎంత మంచి వస్తువురా!"

"కోతికి తగల్లేదు," అన్నారు చంద్రరావు గారు బాధగా. "నాకు తగిలింది."

రామతులసి వానలోకి దిగింది. నెమ్మదిగా వెళ్ళి, పక్కనుంచి మామ్మ చెయ్యి పట్టుకుంది.

"మామ్మగారూ, మూతి కిందకి పెట్టండి. అలా. వేలు తీసేయండి. ఇక నాకిచ్చేయండి."

గుండ్ల డబ్బా తీసింది. గ్యాసు విప్పింది. మిగిలింది మెట్టు పక్క మట్టిలోకి పేల్చింది. ఎర్రగా, నీలంగా రంగు వాననీళ్ళలో కలిసి కాలవలోకి పోయింది. మార్కర్ బల్ల మీద పెట్టి గణేష్‌బాబు వైపు తిరిగింది.

"గ్యాసుతో సహా వదిలేసి వచ్చారా?"

"మీరు తడుస్తారని పరిగెత్తి..."

"నా కోసం పరిగెత్తానని చెప్పకండి. ఆ మాట వింటే నాకు కోపం పోతుంది. అది పోవడం నాకిష్టం లేదు."

"తులసిగారూ..."

"నేను తడిస్తే ఆరిపోతానండీ. మామ్మగారి కంట్లో తగిలుంటే? మీ నాన్నగారు ఇటు తిరిగి ఉంటే? నా ముందు కూర్చుని అన్నీ అప్పజెప్పారు. నేను కనపడనప్పుడు మూత కూడా పెట్టలేదు. ఇంక గ్యాసుకి రాకండి. మంగళవారం కూడా రాకండి."

వానలోనే, గొడుగు లేకుండానే, ఆమె వెళ్ళిపోయింది.

*

గణేష్‌బాబు తోటకి తాళం వేశాడు. గ్యాసు కోసం ఇంకెక్కడికీ వెళ్ళలేదు.

వడ్రంగి చేత టేకు పెట్టె చేయించాడు. ఒక్కో మార్కరుకి ఒక్కో అర. దానికి తాళం. తాళంచెవి ఎప్పుడూ మెడలోనే. గ్యాసు సిలిండర్లు వేరే గదిలో, ఎండ తగలనిచోట నిలబెట్టాడు. గడువు తీరినవి పక్కన పడేశాడు. గుండ్లు బిగుతు డబ్బాల్లో పోశాడు. ఒక్కో మార్కర్నీ విప్పి, తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, అసలైన నూనె తెప్పించి రెండేసి చుక్కలు వేశాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. జాగ్రత్త ఒంటికి పట్టేసింది.

"అమ్మా, కుక్కరు మూతి అటు తిప్పు," అనేవాడు వంటింట్లోకొచ్చి. తండ్రి గొడుగు మడిచి మూల పెడితే దాని మొనకి పాత సాక్సు తొడిగేవాడు. ఇంట్లో పోపు వేస్తుంటే మామ్మకి మాస్క్ పెట్టేవాడు. చంద్రరావు గారు భయపడి కొడుకుని డాక్టరుకి చూపించారు. గణేష్‌బాబు ఆ డాక్టరుగారి సూదికి మూత ఏదని అడిగాడు.

"వీడికి జబ్బేం లేదు," అంది మామ్మ. "వీడి జబ్బు సోడాలు అమ్ముతోంది."

ఆ రోజు నుంచి మాణిక్యాంబ గారు రోజూ సాయంత్రం సోడా ఫ్యాక్టరీకి వెళ్ళి, అరుగు మీద కూర్చుని, నిమ్మసోడా తాగుతూ గాలికి చెప్పినట్టు చెప్పేవారు.

"నిన్న గొట్టాలన్నీ తుడిచాడమ్మా. నాకు తలకి నూనె రాయమంటే మాత్రం తీరిక లేదన్నాడు."

రామతులసి సోడాలు నింపుతూ ఉండేది. వినపడనట్టే ఉండేది. ఒక రోజు మాత్రం ఆగలేక అడిగేసింది.

"గుండ్ల డబ్బాలు తిరగేస్తున్నారాండీ?"

"రోజూ, అమ్మడూ. వాటికి జోల కూడా పాడుతున్నాడు."

రామతులసి గబుక్కున తల దించుకుంది. నింపుతున్న సోడా పొంగిపోయింది.

*

కార్తీకమాసం వచ్చింది. ఊళ్ళో వ్యాపారులందరూ కలిసి వనభోజనాలు పెట్టుకున్నారు, గణేష్‌బాబు మేనమామ తోటలో. ఉసిరిచెట్టు కింద పూజ, పనసపొట్టు కూర, పులిహోర. సోడాలు వెంకటరత్నం గారివి. భోజనాలయ్యాక బట్టల కొట్లవాళ్ళకీ కిరాణావాళ్ళకీ పందెం పెట్టి ఆ రంగుల ఆట ఆడాలని అందరికీ ముచ్చట పుట్టింది.

ఆటంటే గ్యాసు కావాలి. ముందురోజు రామతులసి తనిఖీకి వచ్చింది. పెట్టె తెరిపించింది. ఒక్కోటీ తీసి, మూత చూసి, సేఫ్టీ చూసి, గొట్టంలోకి టార్చి వేసి చూసింది. సిలిండర్ల మీద తేదీలు చదివింది. ఒక్క తప్పూ దొరకలేదు. దొరకనందుకు కొంచెం చిరాకు కూడా వేసింది.

"బాగానే ఉన్నాయి," అంది.

"అంతేనాండీ?"

"నింపుతాను. కానీ..." ఆగింది. "ఇదంతా నా కోసం చేశారు. నేను మెచ్చుకోవాలని. నేను మెచ్చుకోను అని తెలిస్తే కూడా చేస్తారా? అది నాకెలా తెలుస్తుందండీ?"

గణేష్‌బాబు పెట్టె మూసి తాళం వేశాడు.

మర్నాడు భోజనాల దగ్గర వెంకటరత్నం గారు అతన్ని పక్కకి పిలిచారు. అంత దగ్గరగా ఆయన పిలవడం అదే మొదలు.

"చూడబ్బాయ్. నువ్వు నన్నొకటి కొట్టావు. నేను నిన్నొకటి కొడతాను. పొట్ట మీద. ఇవాళ నేను కిరాణావాళ్ళ వైపు. నువ్వు బట్టలవాళ్ళ వైపు. బుద్ధిగా ఎదురొచ్చి తగిలించుకో. దాంతో మన లెక్క సరి. తర్వాత... మా లోవమ్మ ఏదో అంటోంది నీ గురించి. ఆ సంగతీ మాట్లాడుకుందాం."

గణేష్‌బాబుకి కొబ్బరిచెట్లన్నీ ఒక్కసారి తలూపినట్టనిపించింది. ఒక్క గుండు. పొట్ట మీద. దానికోసం పొద్దున్నుంచీ ఉపవాసం ఉన్నా బాగుండేదనుకున్నాడు.

ఆట మొదలైంది. ఆడవాళ్ళందరూ దూరంగా, గుండ్లు దాటకుండా కట్టిన వల వెనక కూర్చున్నారు. పంచెలు ఎగ్గట్టి, మాస్కులు పెట్టుకుని, ఊళ్ళో పెద్దమనుషులందరూ కొబ్బరిచెట్ల చాటున నక్కారు. నిన్నటిదాకా ఉప్పు పప్పు తూచినాయన బోర్లాపడుకుని పాకుతున్నారు. నగల కొట్టాయన తనకి తగిలిన మరక తగల్లేదని వాదిస్తున్నారు. నవ్వులు, కేకలు, టప్ టప్ మని గుండ్లు.

గణేష్‌బాబు దాక్కోవడం మానేసి, పొట్ట ముందుకి పెట్టి, పెళ్ళికొడుకులా నడుచుకుంటూ వెంకటరత్నం గారికి ఎదురెళ్ళాడు.

ఆయన చెట్టు చాటునుంచి బయటికొచ్చారు. గురి పెట్టారు. కానీ లోపల ఆయన చూపు కోసం పెట్టుకునే కళ్ళజోడు, పైన మాస్క్, రెండిటి మధ్యా ఆవిరి పట్టేసింది. ఎదురుగా పొట్ట ఎక్కడుందో, చెట్టు ఎక్కడుందో తెలియలేదు. విసుగొచ్చి, మాస్క్ పీకి గడ్డిలో పారేశారు. కళ్ళజోడు జేబులో పెట్టేసుకున్నారు. మళ్ళీ గురి పెట్టారు.

"కదలకు!" అన్నారు ఆనందంగా.

నాలుగు పక్కల నుంచీ గుండ్లు ఎగురుతున్నాయి. ఆయన కళ్ళు బోసిగా ఉన్నాయి.

గణేష్‌బాబు మెడలో విజిల్ నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదాడు.

"ఆపండి! అందరూ ఆపండి! మూతులు కిందకి దించండి! ఎవరూ పేల్చకండి!"

రెండు చేతులూ బార్లా చాపి, ఆయనకీ మిగతావాళ్ళకీ మధ్య నిలబడ్డాడు. ఆలస్యంగా విన్నవాళ్ళ గుండ్లు రెండు మూడు అతని వీపుకి తగిలాయి. అతను కదల్లేదు. తోటంతా సద్దుమణిగాక తిరిగి, వెంకటరత్నం గారి చేతిలోంచి మార్కర్ తీసేసుకున్నాడు.

"ఏంటయ్యా ఇది?" ఆయన మొహం కందిపోయింది. "నా చేతిలోది లాక్కుంటావా? అందరి ముందూ? తగిలించుకుంటానని ఒప్పుకుని?"

"మాస్క్ తీశాక ఆట లేదండీ." అతని చేతులు వాటంతటవే పని చేసుకుపోతున్నాయి. మూత పెట్టాడు. గుండ్లు తీశాడు. గ్యాసు విప్పాడు. ఇసక బస్తా వైపు తిప్పి, మూత తీసి, మిగిలింది పేల్చాడు. మళ్ళీ మూత పెట్టాడు. "మీరు ఇవాళ్టికి అవుటండీ. క్షమించాలి."

"నేను అవుటా! నీతో ఇక మాట్లాడేదేం లేదు. ఆ సంగతి కూడా లేదు. తెలిసిందా?"

గణేష్‌బాబు మొహం పాలిపోయింది. అయినా మార్కర్ తిరిగి ఇవ్వలేదు.

"తెలిసిందండీ."

"నా కళ్ళు, నా ఇష్టం. నీకెందుకయ్యా?"

"కళ్ళు మీవేనండీ. కానీ వాటితో మీ అమ్మాయి పెళ్ళి చూడాలి కదా మీరు."

"ఎవరితో పెళ్ళి?" అని అరిచారు వెంకటరత్నం గారు.

మిగిలిన పులిహోర సర్దుతున్నాయన గరిటె గాల్లో ఆగింది.

"నాతోనేనండీ," అన్నాడు గణేష్‌బాబు. అనేశాక గానీ ఏమన్నాడో అతనికే తెలియలేదు.

వల పైకెత్తి రామతులసి లోపలికొచ్చింది. నేరుగా అతని దగ్గరికి కాదు, ముందు తండ్రి దగ్గరికి వెళ్ళింది. గడ్డిలోంచి మాస్క్ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"నాన్నా, ఈయన నన్ను మెప్పించడానికి అన్నీ చేస్తారనుకున్నాను. ఇప్పుడు మిమ్మల్ని మెప్పించే అవకాశం పోగొట్టుకుని చేశారు. నా చిన్నప్పుడు మీరు చెప్పుల్లేకుండా పరిగెత్తింది ఎందుకో ఈయనకి తెలుసు నాన్నా. నాకు ఈయన కావాలి."

వెంకటరత్నం గారు కూతురి కనుబొమ్మ వైపు చూశారు. కళ్ళు తుడుచుకుని, ఆవిరి పట్టిందన్నారు. కళ్ళజోడు జేబులో ఉందన్న సంగతి ఎవరూ గుర్తు చెయ్యలేదు.

"ఏమండోయ్ చంద్రరావు గారూ," అని పిలిచారు గొంతు సవరించుకుని. "మీ అబ్బాయి మా అమ్మాయిని అడుగుతున్నాడు. మీరేమంటారు?"

కొబ్బరిచెట్టు వెనక నుంచి చంద్రరావు గారు బయటికొచ్చారు. "ఆయ్, అంతకంటేనా! వాడికి నయమవుతుందంటే రేపే ముహూర్తం పెట్టించండి బావగారూ."

మాణిక్యాంబ గారు చప్పట్లు కొట్టారు. లోవమ్మ గారు అందరికీ ఇంకో విడత పులిహోర వడ్డించమన్నారు.

పెద్దవాళ్ళు పంచాంగం మాటల్లో పడ్డారు. గణేష్‌బాబు పెట్టె దగ్గర ఒక్కడే కూర్చుని మార్కర్లు సర్దుతుంటే రామతులసి వచ్చి నిలబడింది. ఇన్నాళ్ళూ వాటిని ఎన్నిసార్లు విప్పిందో, ఎన్నిసార్లు తుడిచిందో గానీ, ఆటలో మాత్రం ఆమె ఒక్కసారీ దిగలేదు.

"నాకొకటి ఇవ్వండి. మాస్క్ కూడా."

"ఎవర్ని కొడతారండీ?"

"ఎదురుగా నిలబడితే చెప్తాను. మీరూ పెట్టుకోండి మాస్క్. ఇంకా వెనక్కి. ఇంకా."

అతను వెనక్కి నడిచి నడిచి కాలవ గట్టు మీద నిలబడ్డాడు. ఆమె అన్నీ వరసగా సరిచూసుకుంది. మూత తీసింది. టప్ మంది. అతని ఎడమవైపు జేబు మీద పసుపు రంగు పువ్వులా విచ్చుకుంది.

"నొప్పెట్టిందా?" అని అరిచింది.

"చాలా రోజుల్నుంచీ ఉందండీ!" అని అరిచాడు గణేష్‌బాబు.

రామతులసి మార్కర్ దించి గొట్టానికి మూత పెట్టింది. అప్పుడు పరిగెత్తింది.